తనకు తానే కొడుకైన హవల్దారు

హవల్దారు చెన్నకేశవులు ఇరవై నాలుగేళ్ళు సైన్యంలో పనిచేసిన మనిషి. మంచుకొండల మీద కాపలా కాశాడు, ఎడారిలో కందకాలు తవ్వాడు, వంట్లో ఒక్క ఎముక విరక్కుండా ఇంటికి తిరిగొచ్చాడు. తుపాకీ అంటే ఆయనకు భయం లేదు. శత్రువంటే అసలే లేదు. భయమల్లా తెలుగు రాయాలంటేనే.

పెళ్ళయిన ఆర్నెల్లకు సరిహద్దు నుంచి భార్య రంగలక్ష్మికి మొదటి ఉత్తరం రాశాడు. "నువ్వు గుర్తొస్తే గుండె బరువెక్కుతోంది" అని రాయబోయి, చలికి వేళ్ళు కొంకర్లు పోయి, "గుండె బర్రెక్కుతోంది" అని రాశాడు. పదిహేను రోజులకు అదే ఉత్తరం వెనక్కి వచ్చింది. ఆ మాట కింద ఎర్రసిరాతో గీత. పక్కన రంగలక్ష్మి గుండ్రటి అక్షరాలు: "జాగ్రత్తగా ఎక్కమను. పడితే నడుం విరుగుద్ది."

సెల్‌ఫోన్లు వచ్చేదాకా ఆయన రాసిన ప్రతి ఉత్తరమూ దిద్దుబాటుతో తిరిగొస్తూనే ఉంది. పటాలంలో మిగతా తెలుగువాళ్ళు టపా వచ్చిన రోజున పనులు మానుకుని మరీ గుమిగూడేవాళ్ళు. ఇన్నేళ్ళ సేవలో హవల్దారుకు తగిలిన గాయాలన్నీ ఆ ఎర్రసిరావే.

అందుకని రిటైరై సొంతూరు గుండ్లమోటు చేరాక, తోటివాళ్ళంతా బ్యాంకుల ముందు తుపాకీ పట్టుకుని నిలబడే ఉద్యోగాలకు పోతుంటే, కేశవులు మాత్రం నలభై ఏడో ఏట బీఏ తెలుగు చదువుతానన్నాడు. పటాలంలో ఉండగానే ఓపెన్ స్కూల్లో ఇంటర్ గట్టెక్కాడు. పేపర్లో ప్రకటన కూడా పడింది: "మాజీ సైనికులకు మరియు వారి కుటుంబాలకు ఉచిత ఉన్నత విద్య. కుటుంబానికి ఒక్క సీటు." దాన్ని కత్తిరించి జేబులో పెట్టుకుని, తెల్లచొక్కా ఇస్త్రీ చేసుకుని, జిల్లా కేంద్రానికి బస్సెక్కాడు.

అక్కడి మాజీ సైనిక కుటుంబ విద్యాభ్యున్నతి విభాగానికి పద్మనాభం గారు సూపరింటెండెంటు. ఆయన మామూలు తెలుగు మాట్లాడగా విన్నవాళ్ళు లేరు. దాహమేస్తే మంచినీళ్ళు అడగరు. "తాగునీటి నిమిత్తము" అని బంట్రోతు వైపు చూస్తారు. బంట్రోతు దాన్ని నమోదు చేసుకుని, తర్వాత తెస్తాడు.

"తమరు ఎవరి ఆధారితులు?" అన్నారు పద్మనాభం గారు, దరఖాస్తు చూసి.

"అంటే ఏంటి సార్?"

"ఈ పథకము మాజీ సైనికునిపై ఆధారపడి జీవించువారి కొరకు ఉద్దేశించబడినది. తమరు ఏ మాజీ సైనికునిపై ఆధారపడి ఉన్నారు?"

"నా మీదే సార్. నేనే మాజీ సైనికుణ్ణి." జేబులోంచి కాగితం తీశాడు. "ఇందులో 'మాజీ సైనికులకు మరియు వారి కుటుంబాలకు' అని ఉంది చూడండి."

పద్మనాభం గారు కళ్ళజోడు సర్దుకున్నారు. "ఉత్తర్వులో 'మరియు' ఉన్నది. కంప్యూటరులో లేదు. రెంటిలో ఏది గొప్పదను అంశము ప్రభుత్వ పరిశీలనలో ఉన్నది. అంతవరకు కంప్యూటరే గొప్పది."

కంప్యూటరులో సైనికుడితో బంధుత్వం అన్నచోట నాలుగే మాటలున్నాయి. భార్య, వితంతువు, కుమారుడు, కుమార్తె. వాటిలో ఒకటి నొక్కితేగాని తర్వాతి పేజీ తెరుచుకోదు.

"తమరు భార్య కారు," అన్నారు పద్మనాభం గారు వేలు మడిచి. "వితంతువు కారు. కుమార్తె అనుటకు మీసము అడ్డు వచ్చుచున్నది. ఇక శేషించినది ఒక్కటే." ఆ ఒక్కటే నొక్కారు. పేజీ తెరుచుకుంది. "శుభం. తమరికి తమరే కుమారులు."

"సార్, అట్టా ఎట్టా కుదురుద్ది?"

"కుదిరినది. చూడుడు, ఆకుపచ్చ రంగు వచ్చినది."

మరుక్షణమే ఎరుపు వచ్చింది. కుమారుడి వయసు పాతికకు మించరాదట. పద్మనాభం గారు పుట్టిన తేదీని ఇరవై మూడేళ్ళు ముందుకు జరిపారు. కొత్త కుమారుడికి ఇరవై నాలుగేళ్ళు వచ్చాయి.

"తల్లి పేరు?"

"కొండమ్మ సార్."

"ఆవిడ సైనికుని తల్లి. నేనడుగునది కుమారుని తల్లి. సదరు సైనికుని భార్య ఎవరు?"

"రంగలక్ష్మి. కానీ సార్, ఆమె నాకు..."

పద్మనాభం గారి వేళ్ళు అప్పటికే టకటకలాడాయి. "వివాహమై ఎన్నేళ్ళు? పాతికా? కుమారునకు ఇరవై నాలుగు. చక్కగా సరిపోయినది. కంప్యూటరు ఎన్నడూ మర్యాద తప్పదు."

కేశవులు బల్ల మీదికి వంగాడు. "సార్, మరి ఆధార్ కార్డు అడగదా ఇది?"

"అది తదుపరి పేజీ. ఆ పేజీ ఇంకనూ నిర్మాణములో ఉన్నది."

"అయినా సార్, ఇదంతా అబద్ధం గదా?"

పద్మనాభం గారు నొచ్చుకున్నారు. అంత పెద్ద ఉద్యోగంలో ఉన్న మనిషిని ఎవరూ అలాంటి మాట అడిగి ఉండరు. "చూడుము నాయనా," అన్నారు, కొడుకు వయసుకు తగ్గట్టు ఏకవచనంలోకి దిగి, "అబద్ధము మనుషులు ఆడునది. ఇది నమోదు."

బస్సులో తిరిగొస్తున్నంతసేపూ కేశవులికి ఒకటే దిగులు, ఈ సంగతి ఇంట్లో ఎలా చెప్పాలా అని. వాళ్ళకు పిల్లల్లేరు. సెలవు దొరికినప్పుడల్లా ఆస్పత్రులు తిరిగారు, కొండలెక్కి మొక్కారు, చివరికి ఇద్దరూ కూడబలుక్కోకుండానే ఆ మాట ఎత్తడం మానేశారు. ఇప్పుడు కంప్యూటరు వాళ్ళింట్లో ఒక కొడుకుని పుట్టించి పంపింది.

రంగలక్ష్మి చిక్కుడుకాయలు ఒలుస్తూ మొత్తం విన్నది. ఒలవడం ఆపి కాసేపు చేటలోకి చూసింది.

"ఇరవై నాలుగేళ్ళ పిలగాడు, మీసాలతో సహా," అంది చివరికి. "నెప్పులు లేవు, ఉగ్గు పట్టే పని లేదు. బాగానే ఉందయ్యా." మళ్ళీ చిక్కుడుకాయ అందుకుంది. "పోయి కాళ్ళు కడుక్కోరా అబ్బాయ్, అన్నం పెడతా."

కేశవులు మొహం కందగడ్డయింది గానీ, ఆమె నవ్వింది గదా అని కాళ్ళు కడుక్కున్నాడు.

కొడుకు అవివాహితుడని ధ్రువీకరణ పత్రం కావాలన్నారు. ఊళ్ళో వీఆర్వో అంకమ్మరావు కేశవులికి చిన్నప్పటి నేస్తం.

"నీ పెళ్ళిలో రెండు బంతుల్లో తిన్నా గదరా కేశవా," అన్నాడు అంకమ్మరావు తల గోక్కుంటూ. "పెళ్ళి కాలేదని ఎట్టా రాసేది?" కాసేపు దరఖాస్తు వంకే చూశాడు. ఉన్నట్టుండి మొహం వెలిగింది. "ఇదుగో, ఆ పెళ్ళి జరిగి పాతికేళ్ళు. ఈ పిలగాడు పుట్టి ఇరవై నాలుగేళ్ళు. పుట్టక ముందే పెళ్ళెట్టా చేసుకుంటాడు? కాలేదు. చేతిలో రికార్డు ఉంటే ధైర్యం దానంతటదే వస్తది." ముద్ర కొట్టాడు.

నిబంధన ప్రకారం ఆ పత్రం నకలును వారం రోజులు గ్రామ సచివాలయం గోడకు అంటించారు. అభ్యంతరం చెప్పడానికి ఎవరూ రాలేదు గానీ, నాలుగో రోజు పక్కూరి నుంచి ఒక పెద్దమనిషి పంచె సవరించుకుంటూ వచ్చాడు. ఇరవై నాలుగేళ్ళు, ఒక్కడే కొడుకు, సర్కారు వారే స్వయంగా పెళ్ళి కాలేదని ముద్ర వేసిచ్చిన సంబంధం ఈ రోజుల్లో ఎక్కడ దొరుకుతుంది?

"పిలగాడేడమ్మా?" అన్నాడు మంచినీళ్ళు తాగి.

"కొట్టంలో ఉన్నాడు, బర్రెకు గడ్డేస్తన్నాడు," అంది రంగలక్ష్మి, వెంట్రుకవాసి నవ్వు లేకుండా.

పెద్దమనిషి కొట్టం దాకా వెళ్ళి, తొంగి చూసి వచ్చాడు. "వాళ్ళ నాయన అనుకుంటా ఉన్నాడు. పిలగాడు లేడే?"

"వాళ్ళిద్దరూ ఎప్పుడూ కలిసే ఉంటార్లేన్నా," అంది రంగలక్ష్మి.

సీటొచ్చింది ఐదు మైళ్ళ అవతలి చీమలగుట్టలో, వీరభద్ర డిగ్రీ కాలేజీలో. మొదటి సంవత్సరం తెలుగు తరగతిలో కేశవులితో కలిపి ఆరుగురు. మొదటి రోజే ఇమాంబాషా అనే కుర్రాడు "అంకుల్, ఇటు కూర్చోండి" అని బెంచీ తుడిచాడు. ఆ మాట వరండాలో పోతున్న ప్రిన్సిపాలు త్రివిక్రమరావు గారి చెవిన పడింది. ఆయన వివక్ష నిర్మూలన మీద మూడు రోజుల శిక్షణ పొంది అప్పుడే తిరిగొచ్చారు. ఎక్కడ ఏ వివక్ష దొరుకుతుందా అని కాలేజీ అంతా గాలిస్తున్నారు. సాయంత్రానికి సర్క్యులరు అతికించారు.

"తోటి విద్యార్థిని అంకుల్, బాబాయ్, సార్ ఇత్యాది పదములతో సంబోధించుట వయోపరమైన వేధింపు. సదరు విద్యార్థి చెన్నకేశవులు వయస్సు రికార్డు ప్రకారము ఇరవై నాలుగు. కావున అందరును అతనిని 'ఏరా' అనియే పిలువవలెను. ఉల్లంఘించినవారు ర్యాగింగు చట్టము ప్రకారము శిక్షార్హులు."

మర్నాడు ప్రిన్సిపాలు గారు స్వయంగా తరగతికి వచ్చి అమలు తీరును పరిశీలించారు. ఇమాంబాషాను లేపి నిలబెట్టారు. వాళ్ళ నాన్నకంటే పెద్దవాడు ఎదురుగా నిటారుగా కూర్చుని ఉన్నాడు, బుగ్గమీసాలతో.

"ఏరా..." అన్నాడు ఇమాంబాషా, ప్రిన్సిపాలు వంక చూసి, "కేశవులు గారూ, పెన్నుందా అండీ?"

"ఉంది బాబూ," అన్నాడు కేశవులు జాలిగా.

ప్రిన్సిపాలు గారు డైరీలో "పురోగతి కలదు" అని రాసుకున్నారు.

అంతవరకూ బాగానే నడిచింది. సాయంత్రాలు ఇంటికొచ్చి ఆ రోజు పాఠం రంగలక్ష్మికి అప్పజెప్పేవాడు. గురువు, లఘువు అంటూ వేళ్ళ మీద లెక్కపెట్టి, మూడో వేలు దగ్గర తప్పిపోయేవాడు. ఆమె గుగ్గిళ్ళు వేయిస్తూ గరిటెతో బాణలి అంచు మీద తాళం వేసేది. తాళం ఎక్కడ పడితే గణం అక్కడ విరిగేది. నెల తిరిగేసరికి కేశవులు పుస్తకం తెరవక ముందే పద్యం ఏ వృత్తమో ఆమె చెప్పేస్తోంది. వింటూ వింటూ ఆయన గోడకు చేరగిలబడి కునుకు తీసేవాడు. సైన్యంలో ఫిరంగుల మోతలో నిద్రపోవడం అలవాటైన వాడికి ఛందస్సు ఒక లెక్కా?

అప్పుడు ఆయనకు ఒకరోజు జ్వరం వచ్చింది.

ఆ ఒక్కరోజే కాలేజీకి పోలేదు. రెండోరోజు కాలేజీ నుంచి తండ్రికి తాఖీదు వచ్చింది: "మీ కుమారుని గైర్హాజరుకు సంజాయిషీ నిమిత్తము ఉదయము పది గంటలకు హాజరు కావలెను." కేశవులు పది గంటలకు ప్రిన్సిపాలు గదిలో ఉన్నాడు.

త్రివిక్రమరావు గారు లేచి నిలబడి నమస్కరించారు. మాజీ సైనికులంటే ఆయనకు మహా గౌరవం. "దయచేయండి, దయచేయండి. దేశం కోసం ప్రాణాలొడ్డినవారు. మీ పాదధూళి మా కళాశాలకు భాగ్యం." కాఫీ తెప్పించారు. ఆ తర్వాత గొంతు తగ్గించారు. "చెప్పడానికి బాధగా ఉంది. మీవంటి మహానుభావుడి కడుపున పుట్టవలసినవాడు కాదండీ మీవాడు. తరగతిలో నిద్రపోతాడట."

"జ్వరం వచ్చింది సార్," అన్నాడు కేశవులు. "ఆ వచ్చింది కూడా నాకే."

"తండ్రి మనసు!" అన్నారు ప్రిన్సిపాలు గారు, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ. "వాడికి వస్తే మీకు వచ్చినట్టే ఉంటుంది. అందుకే వాడు చెడిపోతున్నాడు."

కాఫీ తాగి, సంతకం చేసి, కేశవులు తరగతికి పరిగెత్తేసరికి పదకొండయింది. హాజరు పిలవడం అయిపోయింది. ఆ రోజుకు విద్యార్థి గైర్హాజరు. మర్నాటికి తండ్రికి మళ్ళీ తాఖీదు. మళ్ళీ కాఫీ, మళ్ళీ పదకొండు గంటలు, మళ్ళీ గైర్హాజరు. నెలాఖరుకు విద్యార్థి చెన్నకేశవులు తొమ్మిది రోజులు బడి ఎగ్గొట్టినట్టు తేలింది. ఆ తొమ్మిదిలో ఎనిమిది రోజులు వాళ్ళ నాన్న ఆ ఎగ్గొట్టడం గురించే మాట్లాడడానికి కాలేజీలోనే ఉన్నాడు.

"విచిత్రమండీ," అన్నారు ప్రిన్సిపాలు గారు. "మీరు వచ్చిన రోజే వాడు రాడు. మీరంటే ఎంత భయమో!"

ఇంతలో కాలేజీ గుమాస్తా ఒక గొప్ప సంగతి కనిపెట్టాడు. సందర్శకుల పుస్తకంలో తండ్రి సంతకమూ, విద్యార్థుల రిజిస్టరులో కొడుకు సంతకమూ అచ్చం ఒక్కలాగే ఉన్నాయి. 'శ'కి తోక కూడా ఒకే వైపు తిరిగింది. గుమాస్తా రెండు పుస్తకాలూ చంకన పెట్టుకుని ప్రిన్సిపాలు గారి గదిలోకి వెళ్ళాడు. గంటలో ముగ్గురు సభ్యులతో విచారణ సంఘం ఏర్పడింది. తండ్రి, తల్లి, కుమారుడు ముగ్గురూ రావాలని తాఖీదు వెళ్ళింది.

బల్లకు ఇటువైపు మూడు కుర్చీలు వేశారు. కేశవులూ రంగలక్ష్మీ వచ్చి కూర్చున్నారు. ఒక కుర్చీ ఖాళీగా మిగిలింది. బల్లకు అటువైపు ప్రిన్సిపాలు గారు, గణితం ఆయన, తెలుగు చెప్పే అన్నపూర్ణ మేడమ్.

"కుమారుడేడీ?" అన్నారు ప్రిన్సిపాలు గారు.

"ఇక్కడే ఉన్నా సార్," అన్నాడు కేశవులు.

"మీరు తండ్రి కుర్చీలో ఉన్నారు. కొడుకుగా చెప్పదలచినది ఆ కుర్చీలోంచి చెప్పాలి. లేకపోతే మినిట్సులో గందరగోళం."

కేశవులు లేచి ఆ కుర్చీలోకి మారాడు. "వచ్చా సార్."

"ఏరా, ఈ సంతకం నీదేనా?" రిజిస్టరు చూపించారు.

"నాదే సార్."

"ఇటు రండి. అయ్యా, ఈ సందర్శకుల పుస్తకంలోది తమరిదేనా?"

కేశవులు ఇటు కుర్చీలోకి వచ్చాడు. "నాదే సార్. ఆ రిజిస్టర్లోదీ నాదే. రెండూ నేనే పెట్టా. మొదట్నించీ చెబుతూనే ఉన్నా, నేనొక్కణ్ణే సార్!"

గణితం ఆయన ప్రిన్సిపాలు వైపు వంగాడు. "ఒప్పుకున్నారండీ! కొడుకు బదులు తండ్రే వచ్చి రోజూ హాజరు వేసిపోతున్నాడు!"

త్రివిక్రమరావు గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "నా కాఫీ తాగి!" అన్నారు.

పది నిమిషాల్లో తీర్మానం టైపయి వచ్చింది. దాని సారాంశం ఇది. పుత్రవ్యామోహముచే దోషి అయిన సదరు తండ్రి ఇకపై కళాశాల ప్రాంగణములో అడుగిడరాదు. సదరు కుమారుడు మాత్రము నూటికి నూరు శాతము హాజరు కావలెను. ఒక్క రోజు తప్పిననూ సీటు రద్దు.

కేశవులు కుర్చీలో కూలబడ్డాడు. ఈసారి తండ్రి కుర్చీనో కొడుకు కుర్చీనో కూడా చూసుకోలేదు. రంగలక్ష్మి తీర్మానం కాగితం తన వైపు తిప్పుకుని, బల్ల మీదున్న ఎర్రపెన్ను అందుకుంది. మొదటి పేరాలో మూడు చోట్ల గీత గీసింది, రెండో పేరాలో నాలుగు.

"వ్యామోహానికి మ కింద ఒత్తు రాదు సార్," అంది నెమ్మదిగా. "ప్రాంగణంలో ణ ఉండాలి, న పెట్టారు. ఇక ఇక్కడ 'దోషి'కి బదులు 'దోశ' అని పడింది. ఆయన ఇంట్లో తినేది అదే గానీ, కాగితంలో బాగుండదు."

అన్నపూర్ణ మేడమ్ పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నవ్వు ఆగాక అడిగారు. "మీరేం చదివారమ్మా?"

"ఇంటరండీ. డిగ్రీలో సీటొచ్చింది. పెళ్ళి సంబంధమూ వచ్చింది. సంబంధం రెండ్రోజులు ముందొచ్చింది."

మర్నాడు కేశవులు యథాప్రకారం కాలేజీకి పోయాడు. గేటు దగ్గర వాచ్‌మన్ అడ్డం నిలబడ్డాడు. అతని తప్పు లేదు, చేతికి కాగితం ఇచ్చారు.

"కొడుకుగా వచ్చారా సార్, తండ్రిగా వచ్చారా? కొడుకైతే ఆలస్యమైంది, తొందరగా లోపలికి పొండి. తండ్రైతే ఇక్కణ్ణించే తిరగండి."

ఆ క్షణంలో 'కొడుకు' అని ఒక్క మాట అంటే పనైపోయేది. కంప్యూటరు అన్నది, వీఆర్వో అన్నాడు, ప్రిన్సిపాలూ అన్నాడు. కానీ అందరూ కలిసి తన చుట్టూ కట్టిన అబద్ధంలో తాను స్వయంగా ఒక్క ఇటుక కూడా పెట్టలేదని కేశవులికి ఒక చిన్న గర్వం. అది పోగొట్టుకోవడానికి మనసొప్పలేదు.

"ఇద్దరమూ వచ్చాం," అన్నాడు.

వాచ్‌మన్ కాగితం మళ్ళీ చదివాడు. "అట్టయితే ఒకరు లోపలికి పోవాలి, ఒకరు బయటుండాలి సార్."

గేటు బయటే నిలబడ్డాడు కేశవులు, గంట కొట్టేదాకా. లోపల్నించి పద్యం వినిపిస్తోంది. ఏ వృత్తమో ఆయనకు తెలియలేదు. 'రంగి అయితే గరిటె చప్పుడు మీదే చెప్పేసేది' అనుకున్నాడు. ఆ అనుకున్న మాట దగ్గరే మనసు ఆగిపోయింది. ఇంటికి నడిచొస్తున్న ఐదు మైళ్ళూ దాన్నే తిప్పి తిప్పి చూసుకున్నాడు.

"నువ్వు చదువు," అన్నాడు ఇంట్లో అడుగు పెడుతూనే.

"ఏం చదివేది?"

"బీఏ. రద్దు కాగితం వచ్చేలోపు సీటు నువ్వు తీసుకో."

రంగలక్ష్మి పిండి చేతులతోనే నిలబడింది. "ఎగతాళా? ఇన్నాళ్ళు ముచ్చటపడింది నువ్వయ్యా. నాకెందుకిప్పుడు, నలభై మూడేళ్ళొచ్చి?"

"నాకు కావలసింది తప్పుల్లేకుండా నాలుగు ముక్కలు రాయడం. దానికి కాలేజీ దేనికి, ఇంట్లో పంతులమ్మ ఉండగా? నీకు కావలసింది అది కాదు. నీకు ఏం కావాలో పాతికేళ్ళు నేనడగనే లేదు. గేటు బయట నిలబెడితేగాని నా బుర్రకెక్కలేదు."

ఆమె చేతులు కడుక్కుంది. అటక మీది పాత క్యాలెండర్లు దించి, ఆయన పుస్తకాలు ఒక్కొక్కటే తీసి అట్టలు వేయడం మొదలుపెట్టింది. పేరు రాయాల్సిన చోట కేశవులు పేరు మీద చీటీ అతికించి, పెన్ను పట్టుకుని, చాలాసేపు అలాగే కూర్చుంది. తర్వాత రాసింది.

పద్మనాభం గారి ఆఫీసులో రెండే నిమిషాలు పట్టింది. బంధుత్వం దగ్గర 'భార్య' నొక్కారు. ఆకుపచ్చ వచ్చింది. భార్యకు వయోపరిమితి లేదు. కుటుంబానికి ఒక్కటే సీటు గనుక కుమారుడు చదువు మానుకోవాలి, అందుకు తండ్రి అంగీకారం కావాలన్నారు. కేశవులు సంతకం పెట్టాడు. కుమారుడి అంగీకారం? పెట్టాడు. తల్లి అంగీకారం? రంగలక్ష్మి పెట్టింది.

"ముగ్గురూ ఏకాభిప్రాయముతో ఉన్న కుటుంబమును నా సర్వీసులో చూడలేదు," అన్నారు పద్మనాభం గారు, కాస్త అసంతృప్తిగానే.

కేశవులు పాత మోపెడ్ ఒకటి కొని, రోజూ ఆమెను దాని మీద దింపేవాడు. విద్యార్థిని భర్తను అడ్డుకోమని కాగితంలో లేదు గనుక వాచ్‌మన్ సెల్యూట్ కొట్టి గేటు తీసేవాడు. పాత సర్క్యులరు ఇంకా గోడ మీదే ఉంది. "ఏదీ, నన్ను 'ఏమే' అను చూద్దాం" అని రంగలక్ష్మి అడిగితే ఇమాంబాషా ఆ రోజు మధ్యాహ్నం దాకా తరగతిలోకి రాలేదు.

మొదటి సెమిస్టరు పరీక్షలు దగ్గరపడుతుండగా విభాగం నుంచి రిజిస్టరు పోస్టు వచ్చింది. చదువు మానేసిన పిల్లలను గుర్తించే కొత్త కార్యక్రమం మొదలైందట. "విద్యార్థి చెన్నకేశవులు తల్లి అయిన శ్రీమతి రంగలక్ష్మి గారికి తాఖీదు. తమ కుమారుడు మూడవ తేదీ నుండి కళాశాలకు హాజరగుట లేదు. సదరు కుమారుడు ప్రస్తుతము ఎక్కడ ఉన్నాడో, ఏమి చేయుచున్నాడో వారములోగా తెలియజేయవలెను."

కేశవులు బెదిరిపోయాడు. "మళ్ళీ మొదటికొచ్చింది. పోయి నిజం చెప్పొస్తా."

"నిజం చెప్పి చెప్పి చూశావు గదా," అంది రంగలక్ష్మి. "వాళ్ళ భాషలో చెప్పాలయ్యా." తెల్లకాగితం తీసుకుని ఒక్క గీత కొట్టకుండా రాసింది:

"ఆర్యా, సదరు కుమారుడు ఎక్కడికీ పోలేదని మనవి. మూడవ తేదీ పూర్వాహ్నము నుండి అతడు నా భర్తగా పదోన్నతి పొంది, విధులలో చేరియున్నాడు. పనితీరు సంతృప్తికరము."

పంపించేశారు. పదిహేను రోజులు ఏ అలికిడీ లేదు. సరే, ఫైలు మూసేశారు గాబోలనుకున్నారు. పదహారో రోజున జవాబొచ్చింది. ఆఖరి పరీక్షకు చదువుకుంటున్న రంగలక్ష్మికి కేశవులు కవరు చించి ఇచ్చాడు. ఆమె పైకి చదివింది.

"తమ లేఖ అందినది. తమ కుమారుని పదోన్నతికి అభినందనలు. అయితే సదరు పదోన్నతి వలన తమ కుటుంబములో కుమారుని స్థానము ఖాళీ అయినట్లు గమనించడమైనది. సదరు ఖాళీని ఎట్లు భర్తీ చేయదలచినారో తెలియజేయగలరు."

కేశవులు ఆమె మొహం వైపు చూడలేక వాకిట్లోకి చూశాడు. ఆమె కాగితాన్ని మడతపెట్టింది. మళ్ళీ విప్పింది.

"నాకు రేపు పరీక్షుంది. ఇది నువ్వే రాయి," అంది పెన్ను ఆయన చేతిలో పెడుతూ. "నేను చెబుతా."

ఆయన చాప మీద కూర్చుని కాగితం మోకాలి మీద పెట్టుకున్నాడు.

"ఆర్యా," అంది రంగలక్ష్మి. "సదరు ఖాళీని భర్తీ చేయు ఉద్దేశము లేదు. కుమారుని విధులకు సంబంధించి, ప్రస్తుతమున్న భర్తకే పూర్తి అదనపు బాధ్యతలు అప్పగించడమైనది."